పాఠకుల ప్రశ్నలు: మన ఫుట్‌బాల్ జట్టు మీద ఇంకా ఆశ పెట్టుకోవచ్చునా?

భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు 2027 ఆసియా కప్ అర్హతను చేజార్చుకున్నప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతున్నాయి. కోపంగా రాసినవారూ ఉన్నారు, కన్నీళ్లు పెట్టుకున్నామని రాసినవారూ ఉన్నారు. అందుచేత మిగతా క్రీడల ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి జాతీయ జట్టు గురించి అడిగినవారికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: 2024 నవంబరులో గచ్చిబౌలి స్టేడియంలో మలేషియాతో మ్యాచ్ జరిగినప్పుడు మా అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. మన గోల్‌కీపర్ బాక్సు దాటి ముందుకు వచ్చి బంతిని అందుకోలేకపోవడం, మలేషియా ఆటగాడు ఖాళీ గోల్‌లోకి బంతిని తన్నడం మా కళ్లెదుటే జరిగాయి. చివరికి 1–1తో డ్రా అయింది. ఆ ఏడాది మొత్తం మీద మన జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదని తర్వాత తెలిసింది. ఆ పైన హాంకాంగ్ చేతిలో, సింగపూర్ చేతిలో, బంగ్లాదేశ్ చేతిలో ఓటములు. నూట నలభై కోట్ల జనాభా ఉన్న దేశం అరవై లక్షల జనాభా ఉన్న సింగపూర్ చేతిలో సొంతగడ్డ మీద ఓడిపోతే తట్టుకోవడం ఎలా? మా అబ్బాయి ఇప్పుడు యూరప్ క్లబ్బుల ఆట మాత్రమే చూస్తున్నాడు. నేనూ ఆశ వదులుకోవడమే మంచిదంటారా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వదులుకోమని నేను చెప్పను. అయితే ఆశ ఎక్కడ పెట్టుకోవాలి, కోపం ఎవరి మీద చూపించాలి అన్నవి మాత్రం మనం కొత్తగా ఆలోచించుకోవాలని నా గట్టి నమ్మకం. మనం తొంభై నిమిషాల ఆట చూసి పదకొండు మందిని నిందిస్తున్నాము. ఆ పదకొండు మంది అక్కడికి చేరడానికి ముందు పది పన్నెండేళ్ల పాటు ఏటా ఎన్ని మ్యాచ్‌లు ఆడారు, ఎంతటి ప్రత్యర్థులతో ఆడారు, ఆడవలసిన వయసులో ఎన్ని నెలలు ఖాళీగా కూర్చున్నారు అనే ప్రశ్న మాత్రం ఓడిన రాత్రి ఎవరి నోటా వినిపించదు. జాతీయ జట్టు బలమంతా ఆ లెక్కలోనే ఉంది.

ముందు జనాభా మాట చూద్దాం. దేశంలో ఎంతమంది ఉన్నారన్నది ఫుట్‌బాల్‌కు పనికివచ్చే లెక్క కాదు. ఎనిమిదేళ్ల వయసు నుంచి పద్ధతిగా శిక్షణ పొందుతూ, ప్రతి వారం మ్యాచ్ ఆడుతూ, ఏడాదిలో ఎక్కువ నెలలు లీగులో ఉండే పిల్లలు ఎంతమంది అన్నదే లెక్క. దాదాపు ఐదు లక్షల మంది మాత్రమే ఉన్న కేప్ వర్డె, అంతకంటే చిన్నదైన కురసావ్ 2026 ప్రపంచ కప్‌కు అర్హత సాధించాయి. వారి ఆటగాళ్లలో చాలామంది యూరప్ క్లబ్బుల శిక్షణలో పెరిగినవారన్నది నిజమే కాని, ఆ నిజం కూడా ఇదే చెబుతున్నది: ఆటగాడిని తయారు చేసేది అతను పెరిగిన వ్యవస్థే కాని జనాభా లెక్కల పుస్తకం కాదు.

ఇక సింగపూర్‌తో జరిగిన రెండు మ్యాచ్‌లను కొంచెం దగ్గరగా చూడండి. 2025 అక్టోబరు 9న సింగపూర్‌లో రెండో సగం మొదలైన వెంటనే మన డిఫెండర్ సందేశ్ ఝింగన్‌కు రెడ్ కార్డు పడింది. అప్పటికే ఒక గోలు వెనుకబడి ఉన్న మన జట్టు మిగిలిన సమయమంతా పది మందితోనే ఆడి, చివరి నిమిషాల్లో ప్రత్యర్థి డిఫెండర్ వెనక్కి ఇచ్చిన బంతిని రహీం అలీ మధ్యలో అందుకుని గోలు చేయడంతో 1–1తో బయటపడింది. ఆ జట్టుకు పట్టుదల లేదని ఎవరనగలరు? ఐదు రోజుల తర్వాత మడ్‌గావ్‌లో లాలియన్‌జువాలా ఛాంగ్తే మొదటి పావుగంటలోనే అందమైన గోలు కొట్టి ఆధిక్యం తెచ్చిపెట్టాడు. విరామానికి కాస్త ముందు ఒకటి, విరామం తర్వాత ఒకటి సమర్పించుకుని మనం 2–1తో ఓడిపోయాం. ఆధిక్యంలో ఉన్నప్పుడు ఆట వేగాన్ని తగ్గించడం, బంతిని తమ కాళ్ల దగ్గర ఉంచుకోవడం, విరామం దగ్గర పడుతున్నప్పుడు ఏమరపాటు లేకుండా ఉండడం అనేవి ఉపన్యాసాలతో వచ్చే విద్యలు కావు, ఒత్తిడి ఉన్న మ్యాచ్‌లు విడవకుండా ఆడితేనే అలవడతాయి.

ఆ అక్టోబరులో మన ఆటగాళ్లు అలాంటి మ్యాచ్‌లు ఆడి వచ్చారా? లేదు. మన దేశంలో క్లబ్బుల అగ్రశ్రేణి పోటీ అయిన ఇండియన్ సూపర్ లీగ్ నిర్వహణకు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ, దాని వాణిజ్య భాగస్వామికీ మధ్య 2010లో కుదిరిన పదిహేనేళ్ల ఒప్పందం 2025 డిసెంబరుతో ముగియనున్న తరుణంలో, కొత్త ఏర్పాటు కుదరక లీగు సకాలంలో మొదలు కాలేదు. కొన్ని క్లబ్బులు తమ కార్యకలాపాలనే నిలిపివేశాయి. ఆసియా కప్ అర్హత తేలిపోయే రెండు మ్యాచ్‌లకు మన జట్టు లీగు ఆట లేకుండా, ఎక్కువగా శిబిరంలో సాధనతోనే దిగింది. ఒప్పందం ఏ రోజున ముగుస్తుందో పదిహేనేళ్ల ముందే తెలిసినప్పుడు, దాని తర్వాత ఏం జరగాలో ముందుగా తేల్చుకోకపోవడాన్ని నేను క్షమించలేకపోతున్నాను. గోల్‌కీపర్ బంతిని అందుకోలేకపోవడం అరక్షణపు పొరపాటు. ఇది అందరూ చూస్తుండగానే జరిగిన నిర్లక్ష్యం. మీ కోపంలో పెద్ద వాటా దీనికి దక్కాలి.

గోల్స్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన కష్టాలకు నడిబొడ్డు అదే. 2024లో మన జట్టు ఆడిన 11 మ్యాచ్‌లలో చేసిన గోల్స్ నాలుగే. అందులో ఒకటి సునీల్ ఛేత్రి పెనాల్టీ. మరొకటి, మీరు గచ్చిబౌలిలో చూసినదే, కార్నర్ కిక్‌కు రాహుల్ భేకే అనే డిఫెండర్ తలతో కొట్టినది. ఛేత్రి 2024 జూన్‌లో వీడ్కోలు తీసుకున్న తర్వాత గోల్స్ కొట్టేవారు దొరకక, 2025 మార్చిలో నలభై ఏళ్ల వయసున్న ఆయననే మళ్లీ పిలవవలసి వచ్చింది. ఆయన రావడం తప్పని నేను అనడం లేదు, ఎందుకంటే 2024–25 లీగులో 14 గోల్స్‌తో భారతీయులందరిలో ముందున్నది ఆయనే. ఇరవై రెండేళ్ల కుర్రాడు ఒక్కడు కూడా ఆ స్థానానికి ఎందుకు పోటీ పడలేకపోయాడన్నదే నన్ను కలవరపెడుతున్నది.

దానికి కారణం కనిపిస్తూనే ఉంది. 2014లో లీగు మొదలైనప్పుడు మైదానంలో ఒకేసారి ఆరుగురు విదేశీయుల వరకు ఆడవచ్చుననే నిబంధన ఉండేది. తర్వాత దానిని ఐదుగురికీ, 2021–22 నుంచి నలుగురికీ తగ్గించారు. అయినా ప్రతి క్లబ్బూ ఆ స్థానాల్లో మొదట నింపేది గోల్స్ కొట్టే ముందు వరుస ఆటగాడి, అంటే ఫార్వర్డ్ స్థానాన్నే. మన హైదరాబాద్ జట్టు 2021–22లో టైటిల్ గెలిచినప్పుడు నేను ఎంతగా ఆనందించానో చెప్పలేను కాని, ఆ జట్టు తరఫున 18 గోల్స్ కొట్టి లీగులో అగ్రస్థానంలో నిలిచినది నైజీరియాకు చెందిన ఒగ్బెచే. క్లబ్బు యజమానిని తప్పుపట్టలేము, గెలవడానికి అతను డబ్బు పెడుతున్నాడు. క్లబ్బుకు లాభమైనది జాతీయ జట్టుకు నష్టమైనప్పుడు రెండింటినీ సరిచూసే బాధ్యత సమాఖ్యది. లీగుకు దిగువన, భారతీయ యువ ఫార్వర్డ్‌లు ఏడాదికి ముప్పై మ్యాచ్‌లైనా తొంభై నిమిషాలూ ఆడేలా బలమైన రెండో శ్రేణి పోటీలు ఉండి ఉంటే ఇంత గడ్డు పరిస్థితి వచ్చేది కాదు.

మీ అబ్బాయి సంగతి. అతను యూరప్ ఆట చూడడాన్ని ఆపకండి. మంచి ఆట ఎలా ఉంటుందో తెలిసిన ప్రేక్షకుడే రేపు మన ఆటలో లోపాన్ని సరిగ్గా పట్టుకోగలుగుతాడు. భారత జట్టు మళ్లీ గచ్చిబౌలికి వచ్చినప్పుడు మాత్రం అతన్ని తప్పకుండా తీసుకువెళ్లండి.

ప్రశ్న: 2023లో మనవాళ్లు వరుసగా కప్పులు గెలిచారు. ర్యాంకు వందలోపుకు వచ్చింది. ఆరు నెలలు తిరిగేసరికి అంతా తలకిందులైంది. ఆ గెలుపులు ఉత్తవేనా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఉత్తవి కావు. ఆ ఏడాది ఇంఫాల్‌లో మూడు దేశాల పోటీని, భువనేశ్వర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్‌ను, బెంగళూరులో కువైట్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి దక్షిణాసియా దేశాల పోటీ అయిన శాఫ్ ఛాంపియన్‌షిప్‌ను మన జట్టు గెలుచుకున్నది. నవంబరులో కువైట్‌కు వెళ్లి అక్కడ కూడా 1–0తో గెలిచింది. అయితే ఆ మూడు కప్పులూ మన మైదానాల్లో, మన ప్రేక్షకుల మధ్య గెలిచినవన్న సంగతిని ఆ సంబరంలో మనం పక్కన పెట్టేశాం. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా ఎదురైనప్పుడు మూడు మ్యాచ్‌లూ ఓడి, ఒక్క గోలు కూడా చేయలేక తిరిగివచ్చాం. మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 2–1తో ఓడిపోవడంతో ప్రపంచ కప్ అర్హత పోటీల్లో అప్పటి వరకు కూడబెట్టుకున్నదంతా కరిగిపోయింది.

ఆఖరి మ్యాచ్‌లో, దోహాలో, గీత దాటి బయటకు వెళ్లిన బంతిని లోపలికి లాగి ఖతార్ చేసిన గోలును రిఫరీ అంగీకరించడం మనకు జరిగిన అన్యాయమే. ఆ సంఘటన తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. అంతమాత్రాన గువాహటిలో మన చేతుల్లో ఉన్న అవకాశాన్ని మనమే జారవిడుచుకున్నామన్నది మరుగున పడకూడదు. ఆ మ్యాచ్ గెలిచి ఉంటే దోహాలో రిఫరీ మీద ఆధారపడే స్థితి మనకు వచ్చేదే కాదు.

ప్రశ్న: 1950లో బూట్లు లేకుండా ఆడడానికి ఒప్పుకోనందువల్లే భారత్ ప్రపంచ కప్‌కు వెళ్లలేదని మా తాతగారు చెప్పేవారు. అది నిజమేనా?
— డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఈ కథ తరతరాలుగా చెప్పుకుంటున్నదే కాని, అది ముఖ్య కారణం కాదు. బర్మా, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా తప్పుకోవడంతో బ్రెజిల్‌లో జరిగే ఆ పోటీకి మనకు ఆడకుండానే అర్హత దక్కింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడి, రెండు పెనాల్టీలు వృథా చేసుకుని కూడా ఫ్రాన్స్‌తో 2–1 తేడాతోనే ఓడిపోయిన మాట నిజం. బూట్ల కథ అక్కడి నుంచి పుట్టింది. అసలు కారణం ఏమిటంటే, ఆ రోజుల్లో సమాఖ్య దృష్టిలో ఒలింపిక్సే పెద్ద పోటీ, ప్రపంచ కప్‌కు అంత విలువ లేదు. సుదీర్ఘమైన సముద్ర ప్రయాణం, జట్టు ఎంపికలో విభేదాలు, సాధనకు వ్యవధి చాలదన్న అభ్యంతరం అన్నీ దానికి తోడయ్యాయి. అప్పటి జట్టు నాయకుడు శైలేన్ మన్నా కూడా తమకు ప్రపంచ కప్ గురించి పెద్దగా తెలియదని తర్వాతి కాలంలో చెప్పారు. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిన తర్వాతనే మన సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. 1951–62 మధ్య కాలంలోనే మన జట్టు అత్యుత్తమ ఫలితాలు సాధించిందని కూడా మీ తాతగారికి చెప్పండి, ఆయన సంతోషిస్తారు.

ప్రశ్న: రహీం సాబ్ గురించి, హైదరాబాద్ ఆటగాళ్ల గురించి పెద్దలు గొప్పగా చెబుతారు. ఇప్పుడు పురుషుల జాతీయ జట్టులో మన రెండు తెలుగు రాష్ట్రాలవారు కనిపించకపోవడానికి కారణం ఏమిటి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, సికింద్రాబాద్

జవాబు: ఈ ప్రశ్న నాకు అన్నిటికంటే దగ్గరిది. సయ్యద్ అబ్దుల్ రహీం మొదట మీలాగే బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉంటూ ఆయన చేసిన పనిని చూస్తే, గొప్ప జట్టు ఎలా తయారవుతుందో అర్థమవుతుంది. బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలనే నిబంధనతో ఆయన పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు ఎడమ కాలితోనే పాస్ ఇవ్వాలి, ఎడమ కాలితోనే గోలు కొట్టాలి. బంతిని ఒక్కడే నడిపించుకుపోవడాన్ని నిషేధించి మరికొన్ని పోటీలు నిర్వహించేవారు. ఆ నిబంధన ఉన్నప్పుడు బంతి అందిన వెంటనే ఎవరికి ఇవ్వాలో, అది అందకముందే ఆటగాడు చూసుకుని ఉండాలి. ఖర్చు లేని ఈ రెండు ఉపాయాలతో ఆయన కుర్రాళ్ల కాళ్లనూ, కళ్లనూ ఒకేసారి తీర్చిదిద్దారు.

ఆయన నడిపిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో, క్యాన్సర్ పీడిస్తుండగానే, ఆయన జట్టును జకార్తాకు తీసుకువెళ్లారు. ప్రేక్షకులంతా మనకు వ్యతిరేకంగా కేకలు వేస్తున్న ఆ స్టేడియంలో దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్లో పీకే బెనర్జీ ఒక గోలు చేయగా, తలకు గాయమైనందువల్ల డిఫెన్స్ నుంచి ముందు వరుసకు మార్చిన జర్నైల్ సింగ్ మరొకటి చేశాడు. మనం 2–1తో గెలిచాం. మరుసటి ఏడాది జూన్‌లో రహీం కన్నుమూశారు.

ఆ తరంలో సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వెళ్లిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు. పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, ఆ తర్వాత 1970లో ఆసియా క్రీడల కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడైన సయ్యద్ నయీముద్దీన్, ఇంకా తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అందరూ ఈ నేల మీద ఆట నేర్చుకున్నవారే. ఆ 1970 కాంస్య పోరులో మనం ఓడించినది జపాన్‌ను. జపాన్ 1993లో వృత్తి లీగు మొదలుపెట్టి, పాఠశాల స్థాయి నుంచి ఆటను కట్టుదిట్టం చేసుకుని 1998 నుంచి ప్రతి ప్రపంచ కప్‌లోనూ ఆడుతున్నది.

మన దగ్గర జరిగినది దానికి తలకిందులు. పోలీస్ తదితర శాఖల జట్లలో ఫుట్‌బాలర్లకు ఉద్యోగాలు తగ్గాయి. ప్రతిభ ఉన్నవారు కోల్‌కతా క్లబ్బులకు వెళ్లిపోయారు, వెళ్లినవారి స్థానంలో కొత్తవారిని తయారు చేసే రహీం వంటి మనిషి లేకపోయాడు. స్థానిక లీగులు క్రమం తప్పాయి. 1956–57, 1957–58లలో హైదరాబాద్, 1965–66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జట్ల జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీ గెలిచిన తర్వాత ఆ కప్పు మళ్లీ ఇటు రాలేదు. 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ మనకు ఒక ఆసరా అవుతుందనుకుంటే, అది 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకున్నది. ఒక పట్టణానికి జట్టు ఉండడమంటే టీవీలో పేరు కనిపించడం మాత్రమే కాదు. దాని కింద పదమూడేళ్ల, పదిహేనేళ్ల, పద్దెనిమిదేళ్ల పిల్లల జట్లు ఉంటాయి, వారాంతంలో మ్యాచ్‌లు ఉంటాయి, కోచ్‌కు జీతం ఉంటుంది. అది వెళ్లిపోయినప్పుడు ఇవన్నీ పోతాయి. మీరు ఉపాధ్యాయులుగా పనిచేసినవారు కనుక ఒక మాట. మీకు తెలిసిన బడుల్లో రెండింటి మధ్యనైనా ఏడాది పొడవునా సాగే లీగు పెట్టించగలిగితే, రహీం సాబ్ పెట్టిన ఆ బలహీనమైన కాలి నిబంధనతో కొన్ని మ్యాచ్‌లు ఆడించండి.

ప్రశ్న: విదేశీ కోచ్ మంచిదా, స్వదేశీ కోచ్ మంచిదా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: పాస్‌పోర్టును బట్టి కోచ్ మంచిచెడ్డలు తేలవు. క్రొయేషియాకు చెందిన ఇగోర్ స్టిమాచ్ 2019 నుంచి ఐదేళ్లు ఉన్నారు. ఆయన వచ్చిన కొత్తలో దోహాలో ఆసియా ఛాంపియన్ ఖతార్‌ను మనవాళ్లు 0–0తో నిలువరించారు, ఆయన చివరి ఏడాది ఎలా గడిచిందో పైన చెప్పాను. హైదరాబాద్‌కు టైటిల్ అందించిన స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ జాతీయ జట్టుతో ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచారు. ఒక సీజన్ పాటు ఆయన గోవా క్లబ్బునూ, దేశాన్నీ ఒకేసారి చూసుకోవడానికి సమాఖ్య ఒప్పుకోవడం నాకు ఆనాడూ నచ్చలేదు. 2025 ఆగస్టులో వచ్చిన స్వదేశీ కోచ్ ఖాలిద్ జమీల్ నెల రోజులకే తజికిస్తాన్‌ను దాని సొంతగడ్డ మీద ఓడించి, ఒమన్‌ను షూటౌట్‌లో దాటి మధ్య ఆసియా దేశాల పోటీలో మూడో స్థానం తెచ్చారు. మరో నెలకు సింగపూర్ చేతిలో ఓడారు. ఆయనకు కనీసం మూడేళ్ల వ్యవధి ఇచ్చి, సాధన శిబిరాలకు క్లబ్బులు ఆటగాళ్లను సకాలంలో పంపేలా చూడాలన్నది నా అభిప్రాయం.

ప్రశ్న: విదేశాల్లో పుట్టిపెరిగిన భారత సంతతి ఆటగాళ్లను తీసుకుంటే సమస్య తీరదా? మిగతా దేశాలు అదే చేస్తున్నాయి కదా.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మన రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నవారికి ఇక్కడ నివసించే, పనిచేసే హక్కు ఉంటుంది కాని వారు పౌరులు కారు. భారత పాస్‌పోర్టు ఉన్నవారే దేశం తరఫున ఆడాలని 2008లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. అంటే బ్రిటన్‌లోనో నెదర్లాండ్స్‌లోనో ఆడుతున్న కుర్రాడు తన పాస్‌పోర్టును వదులుకుని, ఇక్కడ నివాస షరతులు పూర్తి చేసి రావాలి. జపాన్‌లో పుట్టిన ఆరతా ఇజుమి అలా వచ్చి 2013లో భారత్‌కు ఆడాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన ర్యాన్ విలియమ్స్ 2025లో అలాగే భారత పౌరుడయ్యాడు. వారు చేసిన త్యాగం చిన్నది కాదు, వారిని మనస్ఫూర్తిగా ఆహ్వానించాలి. అయితే యూరప్‌లో జీవనోపాధి ఉన్న ఇరవై ఏళ్ల ఆటగాడు అక్కడి పాస్‌పోర్టును వదులుకుంటే అక్కడ పనిచేసే హక్కు కూడా పోయే ప్రమాదం ఉంది కనుక, ఈ దారిలో వచ్చేవారు కొద్దిమందే ఉంటారు. చట్టం మారితే మేలు జరుగుతుందేమో కాని, చట్టం మారే వరకు మన పిల్లలను ఆడించకుండా కూర్చోవడానికి అది సాకు కాకూడదు.

ప్రశ్న: మా అమ్మాయికి పదేళ్లు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. అందరూ మగవాళ్ల జట్టు గురించే మాట్లాడుతున్నారు, అమ్మాయిల జట్టు సంగతి చెప్పండి.
— ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మీరు అడిగినందుకు ధన్యవాదాలు. ఈ నిరాశల మధ్య నిజంగా గర్వించదగిన ఫలితం అమ్మాయిలదే. 2025 జూలై 5న చియాంగ్ మాయ్‌లో, తమకంటే ఎంతో పై ర్యాంకులో ఉన్న థాయ్‌లాండ్‌ను వారి దేశంలోనే 2–1తో ఓడించి 2026 మహిళల ఆసియా కప్‌కు అర్హత సాధించారు. రెండు గోల్స్ కూడా సంగీతా బాస్ఫోర్ చేసింది. అర్హత పోటీలు ఆడి గెలిచి ఆ కప్‌కు చేరుకోవడం మన మహిళలకు అదే మొదటిసారి. 2022లో మన దేశంలోనే జరిగిన ఆసియా కప్‌లో జట్టులో కోవిడ్ వ్యాపించి, ఆడడానికి చాలినంతమంది లేక మధ్యలోనే తప్పుకోవలసి వచ్చిన వారికి ఈ విజయం ఎంత విలువైనదో ఊహించండి. నిజామాబాద్ నుంచి వెళ్లిన గుగులోతు సౌమ్య జాతీయ జట్టులో ఆడుతున్నది, మీ అమ్మాయికి ఆమె ఆట చూపించండి. ఈ వయసులో అమ్మాయిల జట్టు దొరకకపోతే అబ్బాయిలతో కలిసి ఆడనివ్వండి, వారానికి ఎన్ని మ్యాచ్‌లు ఆడుతున్నదో మాత్రం గమనిస్తూ ఉండండి.

ప్రశ్న: ఫ్రెండ్లీ మ్యాచ్ గెలిచినా ర్యాంకు పెద్దగా పెరగదెందుకు?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: 2018 నుంచి ఫిఫా అనుసరిస్తున్న పద్ధతిలో ప్రతి మ్యాచ్‌కూ ఒక ప్రాధాన్యం ఉంటుంది. అంతర్జాతీయ మ్యాచ్‌లకు కేటాయించిన తేదీల్లో ఆడే ఫ్రెండ్లీకి అది 10, అర్హత పోటీకి 25. సమాన బలం ఉన్న జట్టును ఫ్రెండ్లీలో ఓడిస్తే 5 పాయింట్లు, అర్హత పోటీలో ఓడిస్తే 12.5 పాయింట్లు వస్తాయి, ఓడినా అంతే పోతాయి. ప్రత్యర్థి మనకంటే బలహీనమైనదైతే గెలుపుకు వచ్చేది తగ్గుతుంది, ఓటమికి పోయేది పెరుగుతుంది. ఆసియా కప్ అర్హత గ్రూపులో అందరికంటే పై ర్యాంకు మనదే కనుక, హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్ చేతుల్లో ఓడిన ప్రతిసారీ మనకు ఎక్కువ నష్టం జరిగింది. 1996 ఫిబ్రవరిలో మనం చేరుకున్న 94వ స్థానమే ఇప్పటికీ మన అత్యుత్తమ ర్యాంకు.

ప్రశ్న: నాకు పదహారేళ్లు. నా జీవితంలో భారత్ ప్రపంచ కప్ ఆడడం చూస్తానా? ఏ సంవత్సరంలో సాధ్యమో సూటిగా చెప్పండి.
— ఇంటర్ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: చూస్తావనే నేను నమ్ముతున్నాను. 2026 నుంచి ప్రపంచ కప్‌లో 48 జట్లు ఆడుతున్నాయి. ఆసియాకు నేరుగా ఎనిమిది స్థానాలు, ప్లేఆఫ్ ద్వారా మరొక అవకాశం ఉన్నాయి. ఆ ఎనిమిదిలో ఉజ్బెకిస్తాన్, జోర్డాన్ మొదటిసారి చోటు సంపాదించాయి. ఉజ్బెకిస్తాన్ ఎలా వచ్చిందో చూడు. 2018లో అండర్–23 ఆసియా టైటిల్, 2023లో అండర్–20 టైటిల్, 2024లో ఒలింపిక్స్‌కు అర్హత. కుర్రాళ్ల జట్లు ముందు గెలిచాయి, పెద్దల జట్టు వాటి వెనుక వచ్చింది. కనుక 2030 గురించి నీకు ఆశ పెట్టను. 2034 కూడా కష్టమే, ఎందుకంటే అప్పటికి ఇరవై రెండేళ్లు నిండవలసిన ఆటగాళ్లు ఇప్పటికే పద్నాలుగేళ్లకు దగ్గర పడుతున్నారు, వారికి కావలసినన్ని మ్యాచ్‌లు నేటికీ అందడం లేదు. 2038 సాధ్యమేనని నా అంచనా.

ఈలోగా ఏం గమనించాలో చెబుతాను. 2025 నవంబరు చివర అహ్మదాబాద్‌లో మన అండర్–17 జట్టు ఇరాన్‌ను 2–1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించింది. అండర్–17 స్థాయిలో మనం ఇంతకుముందు కూడా మెరిశాం. 2017లో మన దేశంలో జరిగిన ప్రపంచ కప్‌లో జీక్సన్ సింగ్ కొలంబియా మీద చేసిన గోలు ఏ స్థాయి ఫిఫా ప్రపంచ కప్‌లోనైనా భారత్‌కు మొదటిది. అయితే ఆ స్థాయి నుంచి పెద్దల జట్టుకు చేరే దారిలోనే చాలామంది పిల్లలు తప్పిపోతున్నారు. అందువల్ల ఇరాన్‌ను ఓడించిన ఆ కుర్రాళ్ల పేర్లు రాసుకో. రెండేళ్ల తర్వాత వారిలో ఎంతమంది క్లబ్బుల మొదటి జట్టులో ఆడుతున్నారో, ఎన్ని నిమిషాలు ఆడుతున్నారో చూసి నాకు ఉత్తరం రాయి. అలా ఆడుతున్నవారి సంఖ్య పదికి చేరి ఉంటే 2038 కంటే ముందే సాధ్యమని అంచనా మార్చుకుంటాను.